గడువు దాకా మీరూ ఉండండి: నగర మారథాన్ నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

నగర మారథాన్‌లు నిర్వహించే పెద్దలకు, రేస్ డైరెక్టర్లకు, దారి పొడవునా నీళ్ళ బల్లల ఏర్పాట్లు చూసే బృందాలకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్తాను. నాకు 47 ఏళ్ళు. ఆరేళ్ళుగా పరిగెత్తుతున్నాను. ఇప్పటికి మూడు ఫుల్ మారథాన్‌లు పూర్తి చేశాను, మూడూ ఆరున్నర గంటలు దాటాకే. నాలుగో దానికి, అంటే ఆగస్టు నెలాఖరులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు, ఇప్పుడు తయారవుతున్నాను. ఈ లేఖ ఆ పోటీ మీద ఫిర్యాదు కాదు. ఏ ఒక్క పోటీ మీదా కాదు. మన నగరాల్లో పరుగు పోటీలు పెరిగాయి, వాటిలో వెనక వరసలో వచ్చేవాళ్ళూ పెరిగారు. ఆ వెనక వరస తరఫున రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. పోటీ ప్రకటనలో మీరు ఏడు గంటల గడువు అని రాస్తే ఏడో గంట ఆఖరి నిమిషం దాకా నీళ్ళు, ఉప్పు, వైద్యం, మా సమయం నమోదు చేసే టైమింగ్ మ్యాట్ ఉండాలి. అంతసేపు ఉండటం మీ వల్ల కాకపోతే ఆరు గంటలని రాయండి. ఆరు అని రాస్తే మేం ఆరుకే తయారవుతాం, కుదరనివాళ్ళం ఫీజు కట్టకుండా హాఫ్‌కు, అంటే సగం దూరం పోటీకి పోతాం. ఏడని రాసి అయిదున్నరకే బల్లలు ఎత్తేస్తేనే మాకు దారి ఉండదు.

రెండేళ్ళ కిందట ఒక నగరంలో జరిగిన సంగతి చెప్తాను. ఏ నగరమో, ఏ పోటీయో చెప్పను. ఇలాంటివి చాలాచోట్ల విన్నాను కాబట్టి ఆ ఒక్కరి పేరు బయట పెట్టడం న్యాయం కాదు.

నాతో పాటు మా గ్రూపులో పరిగెత్తే పెద్దాయన ఒకరున్నారు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. మేమంతా బాబాయ్ అంటాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన కాళ్ళు ఆయనవి. రిటైరైన ఏడాదే షుగర్ బయటపడింది. డాక్టరు నడవమన్నారు. నడక జాగింగ్ అయింది, జాగింగ్ టెన్ కే అయింది, టెన్ కే హాఫ్ అయింది. అప్పుడాయనకు 62. మొదటి ఫుల్.

ఉదయం అయిదింటికి మొదలు, గడువు ఏడు గంటలు, అంటే మధ్యాహ్నం పన్నెండు. లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఇది నా నోటి మీద ఉంటుంది: 42.195 కిలోమీటర్లు ఏడు గంటల్లో చేరాలంటే కిలోమీటరుకు పది నిమిషాల కన్నా కాస్త తక్కువ పట్టాలి. మేమిద్దరం తొమ్మిది నిమిషాల నలభై సెకన్ల దగ్గర పెట్టుకున్నాం. కొంత పరుగు, కొంత నడక. ముప్పయ్యో కిలోమీటరు దాకా అనుకున్నది అనుకున్నట్టే సాగింది.

పది నలభై ప్రాంతంలో 35వ కిలోమీటరు బోర్డు దాటాం. అక్కడ నీళ్ళ బల్ల ఉండాలి. ఉంది, కాళ్ళు మడిచి గోడకు ఆనించి ఉంది. రోడ్డు మీద తడి, తొక్కి పచ్చడైన కాగితం కప్పులు, బోర్లించిన ఒక ఖాళీ క్యాన్, దాని మీద కూర్చున్న ఒక అబ్బాయి. డిగ్రీ చదివే పిల్లవాడిలా ఉన్నాడు. మమ్మల్ని చూడగానే గబుక్కున లేచి నిలబడ్డాడు. "అయిపోయాయి ఆంటీ, బండి వచ్చి తీసుకెళ్ళిపోయింది" అన్నాడు. తన సొంత సీసాలో అడుగున మిగిలిన నీళ్ళు బాబాయ్ చేతికిచ్చాడు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. రాత్రి రెండింటి నుంచి మేలుకుని ఉంటాడు. వాడి ముఖంలో ఉన్నది సిగ్గు. వాడు పడాల్సిన సిగ్గు కాదది.

37 దగ్గరా బల్ల లేదు. ట్రాఫిక్ అప్పటికే వదిలేశారు. బస్సుల హారన్ల మధ్య రోడ్డు వారగా నడుస్తున్నాం. ఎండ నడినెత్తికి వచ్చింది. బాబాయ్ చేతుల మీద చెమట ఆరిపోయి తెల్లటి ఉప్పు పొర కనిపిస్తోంది. ఒక ఇడ్లీ బండి దగ్గర ఆగాం. బండి నడిపే ఆమె మా బిబ్‌లు, అంటే ఛాతీ మీది నంబరు కాగితాలు చూసింది, ఏమీ అడక్కుండా స్టీలు చెంబు నిండా నీళ్ళు ముంచి ఇచ్చింది. బాబాయ్ ఉప్పు అడిగితే ఉప్పు డబ్బా మూత తీసి ముందు పెట్టింది. "ఇంకా ఎంత దూరం పోవాలి?" అని అడిగింది. అయిదు కిలోమీటర్లన్నాం. "అట్లయితే ఇంకో చెంబు తాగండి" అంది. ఆరోజు ఆఖరి ఏడు కిలోమీటర్లలో మాకు దొరికిన ఒకే ఒక్క వాటర్ స్టేషన్ అది.

పదకొండూ నలభై ఎనిమిదికి స్టేడియం గేటు లోపలికి వచ్చాం. గడువుకు ఇంకా పన్నెండు నిమిషాలుంది. గాలితో నిలబెట్టే ఫినిష్ ఆర్చి అప్పటికే నేల మీద పడి ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు దాని మీద నడుస్తూ లోపలి గాలి బయటికి తొక్కుతున్నారు. టైమింగ్ మ్యాట్లు చుట్టచుట్టి వ్యానులో పెట్టేశారు. ఫినిష్ గీత మాత్రం సున్నంతో గీసింది కాబట్టి మిగిలింది. బాబాయ్ వంగి ఆ గీత ముట్టుకున్నారు. మెడల్స్ అయిపోయాయి, అడ్రస్ రాసి వెళ్ళండి అన్నారు. రాసి వచ్చాం. ఇవాళ్టికీ రాలేదు.

మెడల్ పోతే పోయింది. సాయంత్రం ఫలితాలు పెట్టారు. ఇద్దరి పేర్ల ఎదురుగా డీఎన్ఎఫ్ అని ఉంది. పూర్తి చేయలేదని. ఉత్తరం రాస్తే చివరి మ్యాట్ మీద మీ చిప్ నమోదు కాలేదని జవాబొచ్చింది. నిజమే, మ్యాట్ లేకపోతే చిప్ ఎక్కడ నమోదవుతుంది? నా వాచీలో ఉన్న జీపీఎస్ రికార్డు పంపాను. దానికి జవాబు లేదు. మూడో తరగతి చదివే మనవడు ఫోన్‌లో తాత పేరు వెతికి, "తాతా, నువ్వు పూర్తి చేయలేదంట కదా?" అని అడిగాడట. ఈ మాట బాబాయ్ నాతో ఆరు నెలల తర్వాత చెప్పారు. అదీ వేరే ఏదో మాట్లాడుతూ, మధ్యలో.

ఆ రోజు తిరుగు రైల్లో మాత్రం ఆయన ఒక్క మాటే అన్నారు. "టీచరమ్మా, ఆఖరి ప్యాసింజర్ కాలు ఫుట్‌బోర్డు మీద పడేదాకా నేనెప్పుడూ రైట్ రైట్ అనలేదమ్మా."

మీలో కొందరి మనసులో ఉన్న మాట నాకు తెలుసు. కొందరు నా ముఖం మీదే అన్నారు కూడా. సరిగ్గా ప్రాక్టీసు చేయకుండా వచ్చేస్తారు, సెల్ఫీలకోసం వస్తారు, వాళ్ళ కోసం నగరం మొత్తం ఆపాలా అని. అలాంటివాళ్ళు లేరని అనను. కానీ వెనక వచ్చేవాళ్ళంతా తయారవకుండా వచ్చినవాళ్ళని అనుకుంటే తప్పు. మా తయారీ ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూడండి.

ఆగస్టు నెలాఖరు పోటీకి పదహారు వారాల లెక్క వేసుకుంటే మొదటి వారం మే నెలలో పడుతుంది. హైదరాబాద్‌లో మే నెల ఎలా ఉంటుందో చెప్పాల్సిన పని లేదు. తెల్లవారుజామున నాలుగింటికి కూడా గాలి గోరువెచ్చగానే ఉంటుంది. వారానికి నాలుగు పరుగులు. మంగళ, గురువారాలు ఆరేడు కిలోమీటర్లు, శనివారం తేలిగ్గా నాలుగు, ఆదివారం లాంగ్ రన్. లాంగ్ రన్ పన్నెండుతో మొదలై వారం వారం కొంచెం కొంచెం పెరుగుతూ, ప్రతి నాలుగో వారం తగ్గి, జూలై ఆఖరుకు ముప్పయి దాటుతుంది. తర్వాత మూడు వారాలు టేపర్, అంటే దూరం తగ్గించి కాళ్ళకు విశ్రాంతి. వేగంగా పరిగెత్తేవాళ్ళ ప్లాను కూడా ఇదే. తేడా ఒక్కచోటే ఉంది. ముప్పయి కిలోమీటర్లు వాళ్ళు మూడు గంటల్లో ముగించి ఇంటికెళ్ళి టిఫిన్ చేస్తారు. మేం అయిదు గంటలు రోడ్డు మీదే ఉంటాం. ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి తేవాలి?

జూన్ రెండో వారంలో బడులు తెరిచాక నా మంగళవారం ఇలా ఉంటుంది. మూడున్నరకు లేచి బియ్యం కడిగి నానబెట్టి, కూర తరిగి పెట్టి, నాలుగుంబావుకు గేటు తీస్తాను. అయిదుంబావుకల్లా తిరిగొచ్చి పొయ్యి వెలిగించాలి. ఉన్నది గంట. ఆ గంటలో ఏడు కిలోమీటర్లు అయితే అయినట్టు, లేకపోతే ఆరు. కోచ్ లేడు. ఫిజియో లేడు. మోకాలు పట్టేస్తే ఐస్ గడ్డలు గుడ్డలో చుట్టి పెట్టుకుని పరీక్ష పేపర్లు దిద్దుతాను. మా గ్రూపులో ఒకమ్మాయి రాత్రి షిఫ్టు ముగించుకుని ఆఫీసు క్యాబ్‌లో నేరుగా లాంగ్ రన్‌కే వస్తుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేసే ఒకతను డ్యూటీ మారే సమయాన్ని బట్టి పరిగెత్తుతాడు, ఒక్కోసారి మధ్యాహ్నం ఒంటిగంటకు. వీళ్ళెవరూ తక్కువ తయారైనవాళ్ళు కాదు. వీళ్ళకు రోజులో దొరికే సమయం తక్కువ. అందుకే పోటీ రోజున ఎక్కువ సమయం పడుతుంది.

ఆదివారం సంగతి చెప్పకపోతే ఈ లేఖ పూర్తి కాదు. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర నాలుగుంబావుకు కలుస్తాం. ఎవరి బ్యాగులో వాళ్ళ సరంజామా: ఓఆర్ఎస్ పొట్లాలు, గింజ తీసిన ఖర్జూరాలు, పల్లీపట్టీ, ఉప్పు చల్లి డబ్బాలో పెట్టిన ఉడికించిన బంగాళాదుంపలు, వాసెలిన్. పరుగులో శక్తి కోసం తినే జెల్ ప్యాకెట్లు కొనగలిగినవాళ్ళు కొంటారు. మా బాబాయ్‌కి ఖర్జూరమే జెల్. పంజాగుట్ట ఫ్లైఓవర్, అక్కడి నుంచి జూబ్లీహిల్స్ చడావు, రోడ్ నంబర్ 45, 2020లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. హైదరాబాద్ మారథాన్ దారి ఇలాంటి ఎత్తుపల్లాలతో గచ్చిబౌలి స్టేడియం దాకా పోతుంది కాబట్టి సాధన కూడా వాటి మీదే చేయాలి. గుట్టల మీద కట్టిన ఊరు మనది, చదునైన మారథాన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కేటప్పుడు ఎవరూ మాట్లాడరు. కేబుల్ బ్రిడ్జి మీదికి వచ్చేసరికి తెల్లారుతుంది, అప్పుడు మళ్ళీ మాటలు మొదలవుతాయి. ఈ పదహారు వారాల్లో నాకు బాగా ఇష్టమైనవి ఆ పది నిమిషాలు.

ఇంత చేసి వచ్చేవాళ్ళకు మీరు ఇవ్వాల్సింది చప్పట్లు కాదు, నీళ్ళు. ఇక్కడ ఒక విషయం మీరు తలకిందులుగా చూస్తున్నారని నా అభిప్రాయం. అయిదింటికి బయల్దేరి మూడున్నర గంటల్లో ముగించేవాళ్ళకు ఎనిమిదిన్నరకల్లా పని అయిపోతుంది. ఎండ ముదరకముందే వాళ్ళు నీడన కూర్చుంటారు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఎండలో ఉండేది మేము. అందరికన్నా ఎక్కువ నీళ్ళు కావాల్సిన మూడు గంటల్లోనే బల్లలు ఖాళీ అవుతాయి.

ఒట్టి నీళ్ళతోనూ సరిపోదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరిగెత్తిన 488 మంది రక్తం పరీక్షించి చేసిన అధ్యయనం 2005లో వైద్య పత్రికలో వచ్చింది. వారిలో నూటికి 13 మందికి రక్తంలో సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉంది. పరుగులో నీళ్ళు ఎక్కువగా తాగి బరువు పెరిగినవాళ్ళలో, నాలుగు గంటలు దాటి పరిగెత్తినవాళ్ళలో అది ఎక్కువ కనిపించింది. అంటే మాలాంటివాళ్ళలో. దాహం ఒక ప్రమాదం, దాహానికి మించి ఒట్టి నీళ్ళు తాగడం ఇంకో ప్రమాదం. తల తిరగడం, వాంతి, తికమక, ముదిరితే మూర్ఛ. అందుకని ఆఖరి పది కిలోమీటర్లలో ఓఆర్ఎస్, ఉప్పుబిస్కెట్లు, అరటిపండు తప్పకుండా ఉంచండి. ముందు వరసలో రంగురంగుల స్పోర్ట్స్ డ్రింకులు నాలుగు రకాలు పెట్టి వెనక వరసకు ఒక్క ఓఆర్ఎస్ పొట్లం మిగల్చకపోవడం నేను కళ్ళారా చూశాను.

వైద్యబృందం సంగతీ అంతే. వడదెబ్బ తగిలి మనిషి తూలుతుంటే ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. ఇది క్రీడావైద్యంలో అందరూ ఒప్పుకున్న పద్ధతి. చల్లబరచాలంటే మంచునీళ్ళ తొట్టి, లేదా తడి తువ్వాళ్ళు, ఐస్ అక్కడే ఉండాలి. పదిన్నరకు టెంటు విప్పేస్తే పదకొండింటికి పడిపోయినవాళ్ళను ఏం చేస్తారు? అంబులెన్సు ట్రాఫిక్‌లో వచ్చేదాకా రోడ్డు మీద కూర్చోబెడతారా?

ఖర్చు అంటారేమో. లెక్కేద్దాం. ఆరు గంటల తర్వాత వచ్చేవాళ్ళు రెండు వందల మంది అనుకుందాం. ఆఖరి పదహారు కిలోమీటర్లలో రెండు కిలోమీటర్లకొక బల్ల చొప్పున ఎనిమిది బల్లలు. మనిషికి బల్లకు మూడు కప్పులు. మొత్తం 4800 కప్పులు. కప్పుకు 150 మిల్లీలీటర్ల చొప్పున 720 లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు 36. అంతే. వీధి చివర వాటర్ ప్లాంటు నుంచి ఒక ట్రాలీ ఆటోలో తేగలిగిన క్యాన్లు అవి. వాటిని విడిగా పక్కన పెట్టి, వాటి మీద రంగు టేపు అంటించి, తొమ్మిదిన్నర దాకా ముట్టుకోవద్దని వాలంటీర్లకు చెప్తే చాలు. ముందు వెళ్ళే తోటి రన్నర్లకు కూడా ఇదే చోట ఒక మాట: నెత్తిన పోసుకోవడానికి మూడేసి కప్పులు లాక్కునేటప్పుడు మీ వెనక ఇంకా రెండు గంటల దూరంలో మనుషులున్నారని గుర్తు పెట్టుకోండి.

పోలీసు అనుమతి మీ చేతిలో ఉండదని నాకు తెలుసు. ఆదివారం పొద్దున నగరం నడిబొడ్డున రోడ్లు మూసి ఉంచడం తేలిక కాదు. ఆసుపత్రులకు వెళ్ళేవాళ్ళుంటారు, పరీక్షలు రాసేవాళ్ళుంటారు, పెళ్ళిళ్ళుంటాయి. మా కోసం పన్నెండింటి దాకా అన్ని రోడ్లూ మూయమని నేను అడగడం లేదు. తొమ్మిదిన్నరకు రోడ్డు తెరిస్తే తెరవండి, మమ్మల్ని ఫుట్‌పాత్ మీదికి మార్చండి. కానీ ఆ మాట ముందే చెప్పండి, ఎక్కడ ఫుట్‌పాత్ ఎక్కాలో బాణం గుర్తు పెట్టండి, పెద్ద కూడళ్ళ దగ్గర దాటించడానికి ఒక మార్షల్‌ను ఉంచండి. కిందటిసారి మేం దాటిన ఒక కూడలిలో ఎటు తిరగాలో చెప్పేవాళ్ళు లేక, అటుగా వస్తున్న పాలవాణ్ణి అడిగి తెలుసుకున్నాం.

ఇంకో దారి కూడా ఉంది. ఆరు గంటలు దాటుతుందని రిజిస్ట్రేషన్‌లోనే రాసేవాళ్ళను నలభై నిమిషాలు ముందు వదలండి. నాలుగూ ఇరవైకి బయల్దేరమన్నా బయల్దేరతాం. మాకు చీకట్లో పరిగెత్తడం అలవాటే, మా సాధన మొత్తం చీకట్లోనే. మీకు రోడ్డు త్వరగా ఖాళీ అవుతుంది, మాకు నలభై నిమిషాల ఎండ తగ్గుతుంది.

గడువు ఉండకూడదని అనేవాళ్ళలో నేను లేను. గడువు కచ్చితంగా ఉండాలి. దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న కామ్రేడ్స్ మారథాన్ ఉంది, సుమారు తొంభై కిలోమీటర్ల పరుగు. పన్నెండు గంటల గడువు. పన్నెండో గంట నిండగానే ఒక పెద్దమనిషి వచ్చేవాళ్ళ వైపు వీపు పెట్టి నిలబడి తుపాకీ పేలుస్తాడు. ఒక్క సెకను ఆలస్యమైనా లోపలికి రానివ్వరు, మెడల్ ఇవ్వరు. అయినా ఎవరూ దాన్ని అన్యాయం అనరు. ఎందుకంటే ఆ తుపాకీ పేలే క్షణం దాకా స్టేడియం నిండుగా ఉంటుంది, లైట్లు వెలుగుతుంటాయి, జనం గొంతు చించుకుని అరుస్తుంటారు. గెలిచినవాడు వచ్చి ఆరేడు గంటలైనా జనం కదలరు, ఆఖరి గంట చూడటానికే ఉంటారు. మేం అడిగే కచ్చితత్వం అది. రెండు వైపులా ఉండే కచ్చితత్వం.

పెద్ద పోటీలు కూడా తప్పులు చేశాయి. 2019లో లండన్ మారథాన్‌లో ఏడున్నర గంటల పేసర్‌తో, అంటే ఆ సమయానికి చేర్చే వేగంతో ముందు నడిచే మనిషితో నడిచినవాళ్ళ కళ్ళముందే దారి సామాను తీసేశారు, శుభ్రం చేసే సిబ్బంది వాళ్ళను తొందరపెట్టారు, మాటలన్నారు. నిర్వాహకులు దాన్ని కప్పిపుచ్చలేదు, క్షమాపణ చెప్పారు. తర్వాతి ఏళ్ళలో అందరికన్నా వెనక నడుస్తూ చివరివాళ్ళకు తోడుండే టెయిల్ వాకర్లను పెట్టారు. ఇది మనకూ కష్టమేమీ కాదు. సైకిల్ మీద ఒక మనిషి, వీపున ఒక బ్యాగు, అందులో ఓఆర్ఎస్, రెండు లీటర్ల నీళ్ళు, ఒక ఫోన్. చివరి రన్నర్ వెనకాలే రావాలి. అతను దాటేదాకా ఏ బల్లా ఎత్తకూడదు. అలాంటి మనిషి కావాలంటే మా గ్రూపు నుంచే ఇస్తాం, మాలో పోటీకి దిగని ఏడాది ఎవరో ఒకరుంటారు.

2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల మారథాన్ ఇంట్లో అందరం కూర్చుని చూశాం. సిఫాన్ హసన్ 2:22:55కు గెలిచింది. ఆ తర్వాత గంటన్నరకు భూటాన్ అమ్మాయి కిన్‌జాంగ్ లామో 3:52:59కు వచ్చింది, పూర్తి చేసినవాళ్ళలో ఆఖరున. దారి పక్కన జనం ఆమెతో పాటు నడిచారు, సైకిళ్ళ మీద పక్కనే వచ్చారు, చప్పట్లు ఆగలేదు. మా అత్తగారు, నేను ఎందుకు పరిగెత్తుతానో ఎన్నడూ అడగని మనిషి, టీవీ ముందు నుంచి లేవకుండా చూసి, "నీకూ ఇట్లా ఉంటారా?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను.

ఇక టైమింగ్ సంగతి. చిప్ వ్యవస్థను అద్దెకు తెస్తారని, ఆ కంపెనీవాళ్ళకు వేరే ఊళ్ళో వేరే పని ఉండొచ్చని విన్నాను. అలా మ్యాట్లు ముందే ఎత్తేయాల్సి వస్తే గీత దగ్గర ఒక కుర్చీ వేసి ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను, ఒక గడియారం. వచ్చినవాళ్ళ బిబ్ నంబరు, సమయం రాసుకోమనండి. పరీక్ష హాల్లో ఆఖరి విద్యార్థి పేపరు ఇచ్చేదాకా మేం ఇన్విజిలేటర్లం కూర్చుంటాం. మొదటివాడు అరగంటకే లేచిపోయాడని హాలు మూసేయం. సంతకం పెట్టించి, సమయం వేసి, కట్ట కట్టి అప్పుడు లేస్తాం. ఆ మాత్రం పని ఫినిష్ గీత దగ్గరా జరగాలి.

ఫీజు సంగతి ఎత్తకూడదనుకున్నాను, కానీ ఎత్తుతాను. రెండు గంటల యాభై నిమిషాల్లో వచ్చేవాడు ఎంత కట్టాడో బాబాయ్ కూడా అంతే కట్టారు, పెన్షన్ డబ్బుల్లోంచి. మీ ప్రకటనల్లో, మీ స్పాన్సర్లకు చూపించే అంకెల్లో, ఇన్ని వేల మంది పరిగెత్తారని చెప్పేటప్పుడు మమ్మల్ని లెక్కలో కలుపుతారు. గీత దగ్గరా కలపండి.

ఈ ఏడాది మీ పోటీల నియమాల్లో గడువు రాసే చోట ఇంకొక్క వాక్యం చేర్చమని నా అభ్యర్థన: "గడువు ముగిసే నిమిషం వరకు నీళ్ళు, ఓఆర్ఎస్, వైద్య సహాయం, సమయ నమోదు ఉంటాయి." ఆ వాక్యం ఉన్న పోటీకి మా గ్రూపులో ఇరవై ముగ్గురం పేర్లిస్తాం. ఏ ఊళ్ళో ఉన్నా సరే, రైలెక్కి వస్తాం. అది లేని పోటీకి రాం. ఇరవై ముగ్గురు రాకపోతే మీకు నష్టమేమీ లేదని నాకు తెలుసు, కానీ నేనిది రాసి ఊళ్ళో మిగతా గ్రూపులకు కూడా పంపుతున్నాను.

బాబాయ్‌కి ఇప్పుడు 64. మొన్న ఆదివారం వానలో ఇరవై ఆరు కిలోమీటర్లు అయింది. జూబ్లీహిల్స్ చడావులో ఆయన నాకన్నా ముందే ఉన్నారు. వచ్చే ఆదివారం ఇరవై ఎనిమిది. ఈసారి మనవణ్ణి కూడా స్టేడియానికి తీసుకొస్తానన్నారు. ఎన్ని గంటలకు రమ్మని చెప్పమంటారో మీరే చెప్పండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
హైదరాబాద్